గాడిద రక్తము: వెండితెర వైద్యము

చీరాలకు చేరువనున్న వేటపాలెము జీడిపప్పునకును, 1918లో వెలసిన సారస్వత నికేతన గ్రంథాలయమునకును పేరుపడిన ఊరు. 2021 జనవరిలో విడుదలైన ‘క్రాక్’ చలనచిత్రము ఈ ఊరికి వేఱొక కీర్తిని అంటగట్టినది. అందు ప్రతినాయకుని మనుష్యులు గాడిద రక్తము త్రాగి, అది వంటబట్టుటకై పరుగులు తీయుదురు. దృశ్యము బిగువుగనే యున్నది. చిక్కేమనగా, అది కల్పనవలె గాక ఎఱిగినవారు చెప్పిన రహస్యమువలె సాగినది.

ఈ నమ్మకము చిత్రమునకు ముందునుండియు ఉన్నదే. గాడిద మాంసము పుంస్త్వమును పెంచుననియు, ఉబ్బసము, నడుము నొప్పి పోగొట్టుననియు గుంటూరు, ప్రకాశం, కృష్ణా ప్రాంతములలో పలువురు తలంతురు. బలముగల జంతువును తిన్న బలము వచ్చునను ఊహ మనకే పరిమితము కాదు. తుర్కీలో ఒక జాతి ఆర్కిడ్ దుంపలు వృషణముల ఆకారముననుండుటచే వాటి పిండితో చేసిన పానీయమునకు అట్టి మహిమనే అంటగట్టిరి. మన వైద్యములోని ‘వాజీకరణము’ అను మాటయందును గుఱ్ఱమున్నది గదా!

లెక్క వేసి చూతము. పురుష లక్షణములకు కారణమైన టెస్టోస్టెరోన్ రక్తములో మిల్లీలీటరునకు కొన్ని నానోగ్రాములే యుండును. నానోగ్రామనగా గ్రాములో నూఱు కోట్లవ వంతు. గాడిద రక్తములో మిల్లీలీటరునకు ఐదు అనుకొన్నను, 200 మిల్లీలీటర్ల గ్లాసులో వేయి నానోగ్రాములు, అనగా ఒక్క మైక్రోగ్రాము. ఆరోగ్యవంతుడైన పురుషుని దేహము దినమునకు సుమారు ఐదువేల మైక్రోగ్రాములు తానే తయారుచేసికొనును. పైగా నోట మ్రింగిన హార్మోను ప్రేగులనుండి కాలేయమునకు చేరి చాలవఱకు అచ్చటనే నశించును. తక్కిన రక్తము అన్ని ఆహారములవలెనే జీర్ణమై ఇనుమును, మాంసకృత్తులను ఇచ్చును. మేక నెత్తురును ఆ పనియే చేయును. ఇక పరుగెత్తిన వానికి దమ్ము పెరిగినచో ఆ ఘనత పరుగుదే.

చిత్రము చూపని సంగతి మఱియొకటి కలదు. 2011 నాటి ఆహార భద్రతా నిబంధనలు పేర్కొనిన మాంస పశువులలో గాడిద లేదు. కావున ఈ వధ చాటుననే జరుగును. పశువైద్యుని పరీక్ష యుండదు. గాడిదలకు సోకు గ్లాండర్సు అను సూక్ష్మజీవి వ్యాధి మనుష్యులకును అంటి ప్రాణాపాయము కలిగింపగలదు. వేడి నెత్తురు పచ్చిగా త్రాగువాడు, మాంసమును ఉడికించి తినువానికున్న రక్షణను సైతము వదలుకొనుచున్నాడు.

పశుగణనలో దేశమందలి గాడిదలు 2012లో సుమారు 3.2 లక్షలు, 2019 నాటికి 1.2 లక్షలు. బరువులు మోయుటకు మోటారు బండ్లు వచ్చుట దీనికి ముఖ్య కారణమైనను, మాంసమునకును చర్మమునకును జరుగు దొంగవధకును ఇందు పాలు కలదు.