కోటికొక్కటి కూడా తప్పకుండా

మహానంది కోనేటి నీరు వేసవిలో చల్లగా, చలికాలంలో గోరువెచ్చగా తోస్తుంది. మారేది గాలే, ఊట అలాగే ఉంటుంది. లయ తప్పని కంపనాలిచ్చే పాత ఆసిలేటర్‌లోని క్వార్ట్జ్ క్రిస్టల్‌కీ ఆ నిలకడే కావాలి. అందుకే దాన్ని 70, 80 డిగ్రీల దగ్గర వేడి మారని చిన్న పెట్టెలో ఉంచుతారు. ఇలాంటి పాత ఆసిలేటర్లను బాగుచేసే హామ్ రేడియో అభిమానుల ఓపికకు దండం పెట్టాలి. ఎండిన కెపాసిటర్లు మార్చడం సులువే. క్రిస్టల్ సీలు మాత్రం విప్పరు. అసలు పని ఆ తర్వాతే: వారాలపాటు కరెంటు ఆపకుండా నడిపి (మన ఊళ్లలో అదే పెద్ద పరీక్ష), జీపీఎస్ సంకేతంతో పోల్చి, కంపనాల వేగాన్ని సరిచేసే మరను వెంట్రుకవాసి తిప్పడం. కోటి కంపనాలకు ఒక్కటి తప్పినా వాళ్లకు నిద్ర పట్టదు. ఆ తేడాతో నడిచే గడియారం సెకను తప్పడానికి దాదాపు నాలుగు నెలలు పడుతుంది! పాత సామాన్ల కొట్లో అలాంటి పెట్టె కనిపిస్తే తూకానికి పోనివ్వకండి, తెలిసిన హామ్‌కు చూపించండి.