పక్కవాడి తెర

2023 జనవరి 27న ‘గోల్డెన్‌ఐ 007’ అనే పాతికేళ్ళ నాటి షూటింగ్ గేమ్ ఒకే రోజు రెండు కన్సోళ్ళ మీదకి తిరిగొచ్చింది. ఎక్స్‌బాక్స్ మీద వచ్చినదానికి ఆన్‌లైన్ లేదు. నలుగురు ఆడాలంటే నలుగురూ ఒకే గదిలో, ఒకే టీవీ ముందు కూర్చోవాల్సిందే. నింటెండో స్విచ్ మీద వచ్చినదానికి ఆన్‌లైన్ ఉంది. కానీ అక్కడో తమాషా. ఎవరింట్లో వాళ్ళు కూర్చుని ఆడుతున్నా ప్రతి టీవీ మీదా తెర నాలుగు ముక్కలుగానే కనిపిస్తుంది. పావు తెరలో మన ఆట, మిగతా ముప్పావు తెరలో మనల్ని చంపడానికి తిరుగుతున్న ముగ్గురి ఆటలు. పాత నింటెండో 64ని సాఫ్ట్‌వేర్‌తో అనుకరిస్తున్నారు కాబట్టి ఆ మెషిన్ గీసిన బొమ్మే అందరికీ కనిపిస్తుంది.

ఆన్‌లైన్ షూటర్లకి అలవాటు పడ్డవాళ్ళకి ఇది ఘోరమైన లోపం. శత్రువు ఎక్కడున్నాడో తెలిసిపోతే ఇంక ఆటేముంది? నాకు మాత్రం అసలు విషయం అక్కడే ఉందనిపించింది.

లోకల్ మల్టీప్లేయర్ గొప్పదా, ఆన్‌లైన్ గొప్పదా అనే చర్చ వచ్చినప్పుడల్లా మాట రెండు నిమిషాల్లో జ్ఞాపకాల్లోకి జారిపోతుంది. ఒకే సోఫా, అరుపులు, నవ్వులు, ఆ రోజులే వేరు. అవతలివాళ్ళు సౌకర్యం గురించి చెప్తారు. అర్ధరాత్రి రెండింటికి కూడా ఆడేవాళ్ళు దొరుకుతారు, తెర మొత్తం మనదే. ఈ రెండు పక్షాలూ మారుమాట లేకుండా ఒప్పుకునే సంగతి ఒకటుంది: ఆట ఒకటే, ఆడే చోటే వేరు అని. నా పేచీ దాంతోనే. తుపాకులు అవే, మ్యాపులు అవే అయినా ఇవి రెండు వేరే ఆటలు. పులి-మేకలో దాచడానికి ఏమీ లేదు. గీతలన్నీ అరుగు మీదే ఉన్నాయి, మేకలెక్కడున్నాయో పులికి తెలుసు. పేకాటలో దాచుకోవడమే ఆట. స్ప్లిట్ స్క్రీన్ షూటర్ పులి-మేక జాతి. ఆన్‌లైన్ షూటర్ పేకాట జాతి.

గోల్డెన్‌ఐ 1997 ఆగస్టులో వచ్చింది. అందులో నలుగురు ఆడే విభాగం ముందునుంచీ అనుకున్నది కాదు. విడుదలకి కొన్ని నెలల ముందు స్టీవ్ ఎల్లిస్ అనే ప్రోగ్రామర్ దాన్ని జోడించాడు. నింటెండో 64 ముందువైపు నాలుగు కంట్రోలర్ సాకెట్లు ఉండేవి. ఆ కన్సోల్‌కి ఇంటర్నెట్ లేదు, ఇంకో తెర లేదు, కాబట్టి ఉన్న తెరనే నాలుగు చేశారు. నలుగురూ ఒక్కసారి కాల్చుకుంటే బొమ్మ నత్తనడక నడిచేది. ఇంత హడావిడిగా అతికించిన పని ఇన్నేళ్ళు నిలబడ్డానికి కారణం, ఆ తెర చీలికలోంచి ఎవరూ డిజైన్ చేయని ఆట ఒకటి పుట్టడం.

ఉదాహరణకి ప్రాక్సిమిటీ మైన్. గోడకి అతికించి వెళ్ళిపోతే, ఎవరు దగ్గరకొచ్చినా పేలుతుంది. తెర ఉమ్మడిది కాబట్టి దాన్ని ఎక్కడ అతికించామో మిగతా ముగ్గురూ చూడొచ్చు. అందుకని తెలివైనవాళ్ళు నేలకేసో కప్పుకేసో చూస్తూ నడుస్తారు, ఏ గదిలో ఉన్నారో పక్కవాళ్ళు పోల్చుకోకుండా. ఇంకా తెలివైనవాళ్ళు అబద్ధంగా ఒక గోడ వైపు కాసేపు చూసి వెళ్ళిపోతారు, అక్కడేదో పెట్టినట్టు. పక్కవాడి తెర చూడ్డానికీ ఒక ఖర్చుంది. అటు చూసిన అర సెకను మన తెర చూడం. అంటే అందరి రహస్యాలూ బయటే ఉన్నాయి, కానీ వాటిని కొనుక్కోవాలంటే మన ఏకాగ్రతతో వెల కట్టాలి. ఇది చీటింగా? ఆస్ట్రేలియాకి చెందిన సమురాయ్ పంక్ అనే చిన్న స్టూడియో 2014లో ‘స్క్రీన్‌చీట్’ అనే గేమ్ తీసింది. అందులో ఆటగాళ్ళందరూ అదృశ్యం. ఎవరెక్కడున్నారో తెలియాలంటే వాళ్ళ తెర చూడ్డం తప్ప వేరే దారే లేదు. ఒక్క రూల్‌తో పదిహేడేళ్ళ వాదనని తేల్చిపారేసిన ఆ గేమ్, విమర్శ అంటే వ్యాసమే కానక్కర్లేదని చెప్పడానికి నాకు తెలిసిన మంచి ఉదాహరణ.

రూల్స్ సంగతి కూడా ఇలాంటిదే. గోల్డెన్‌ఐలో ఆడ్‌జాబ్ అనే పాత్ర మిగతావాళ్ళకన్నా బాగా పొట్టి. గురి మామూలుగా పెడితే గుండు నెత్తి మీంచి పోతుంది. ‘ఆడ్‌జాబ్‌ని తీసుకోకూడదు’ అన్న రూల్ గేమ్‌లో ఎక్కడా లేదు. అది ఆడేవాళ్ళు వాళ్ళ గదుల్లో పెట్టుకున్న కట్టుబాటు. ఆన్‌లైన్‌లో ఇదే సమస్య వస్తే కంపెనీ ఒక ప్యాచ్ వదుల్తుంది, రాత్రికి రాత్రి ప్రపంచమంతటా ఆ పాత్ర పొడుగు సరిచేస్తారు. న్యాయం అందరికీ ఒకేలా అందుతుంది, నిజమే. కానీ పొట్టివాడిని తీసుకున్న తమ్ముడితో వాదించి, వాడు ఏడిస్తే సరే ఈ ఒక్కసారికీ అని వదిలేసే హక్కు ఆటగాళ్ళకి ఉండదు.

అలాగని గదిని మరీ పూజించక్కర్లేదు. టీవీ ఎవరిదో మ్యాప్ వాళ్ళిష్టం. నాలుగు కంట్రోలర్లుంటే ఐదోవాడు ఎప్పుడూ ఐదోవాడే. చెల్లెలి చేతికి వైరు పెట్టని కంట్రోలర్ ఇచ్చి ‘నువ్వూ ఆడుతున్నావ్ లే’ అని మాయచేసిన అన్నయ్యలు అన్ని దేశాల్లోనూ ఉన్నారు. పైగా మన ఊళ్ళలో గోల్డెన్‌ఐ ఆడినవాళ్ళు ఎంతమంది? నా వయసువాళ్ళకి ‘టీవీ గేమ్’ అంటే నకిలీ నింటెండో డబ్బా, పసుపుపచ్చ క్యాసెట్టు, కాంట్రా. అదీ ఇద్దరు ఒకే తెరలో ఆడే షూటరే. జలపాతం స్టేజీలో ఒకడు తొందరపడి పైకెక్కేస్తే తెర వాడితో పాటు పైకెళ్ళిపోతుంది, కింద మిగిలినవాడు చచ్చిపోతాడు. నా తొందర నీ చావు. ఆ వయసులో ఎన్ని తగువులో దాని మీద.

కన్సోల్ షూటర్లలో గోడ లేచింది హేలోతో. అది రూపకం కాదు, నిజంగా గోడే. 2001లో వచ్చిన మొదటి హేలోలో నాలుగు ఎక్స్‌బాక్స్‌లని కేబుళ్ళతో కలిపితే పదహారుమంది ఆడొచ్చు. ఎర్ర జట్టు హాల్లో, నీలం జట్టు బెడ్‌రూమ్‌లో. తలుపేస్తే అవతలి తెర కనిపించదు, అరుపులు మాత్రం వినిపిస్తాయి. 2004 నవంబర్‌లో హేలో 2 ఆ గోడని ఊళ్ళూ రాష్ట్రాలూ దాటించింది. ఆట రకం మనం ఎంచుకుంటే ప్రత్యర్థుల్ని సిస్టమే వెతికి తెస్తుంది. మ్యాచ్ అయిపోయాక కూడా స్నేహితుల గుంపు విడిపోకుండా తర్వాతి మ్యాచ్‌కి కలిసే వెళ్తుంది. ఆన్‌లైన్ ఒంటరితనం గురించి మాట్లాడేవాళ్ళు ఈ గుంపు ఏర్పాటుని మర్చిపోతారు. అది సోఫాని తీగల మీదకి ఎక్కించే ప్రయత్నం, చాలావరకు పనిచేసింది కూడా.

పని చేయనిది నమ్మకం. ఇక్కడ కొంచెం మా వృత్తి సంగతి చెప్పక తప్పదు. ఆన్‌లైన్ షూటర్‌లో ‘ఇప్పుడు’ అనేది ఒకటి ఉండదు. నేను ట్రిగ్గర్ నొక్కిన కబురు సర్వర్‌కి చేరేసరికి కొన్ని పదుల మిల్లీసెకన్లు గడిచిపోతాయి, ఈలోగా మీరు కదిలిపోయుంటారు. అందుకని చాలా గేముల్లో సర్వర్ కాలాన్ని వెనక్కి తిప్పి చూస్తుంది: నేను కాల్చిన క్షణంలో నా తెర మీద మీరెక్కడున్నారు? అక్కడ తగిలితే తగిలినట్టే. నాకది న్యాయం. మీ తెర మీద మాత్రం మీరు అప్పటికే గోడ చాటుకి వెళ్ళిపోయారు, అయినా చచ్చిపోయారు. ఇద్దరూ చూసింది నిజమే. రెండు నిజాలూ ఒకదానికొకటి పొసగవు.

అందుకే కిల్‌క్యామ్. 2007 నాటి ‘కాల్ ఆఫ్ డ్యూటీ 4’ ఆడినవాళ్ళకి బాగా గుర్తుంటుంది. చచ్చిపోగానే, మనల్ని చంపినవాడి కళ్ళలోంచి ఆ చివరి క్షణాలు మళ్ళీ వేసి చూపిస్తారు. ఆలోచిస్తే ఇది చిత్రంగా లేదూ? బతికున్నంతసేపూ పక్కవాడి తెర చూడ్డం నిషేధం. చచ్చాక మాత్రం బలవంతంగా చూపిస్తారు. చూపించకపోతే మనం నమ్మం. గదిలో నన్ను ఎవరు ఎలా చంపారో నాలుగు అంగుళాల పక్కనే కనిపిస్తుంది కాబట్టి సాక్ష్యం అవసరం లేదు. తెర చూసి చీటింగ్ చేసే వీలున్న చోట అనుమానం తక్కువ. ఆ చీటింగ్‌కి వీలే లేని చోట ప్రతి చావుకీ ఒక అనుమానం: లాగ్ వల్లా, వాడు హ్యాకరా, మ్యాచ్‌మేకింగ్ కావాలని మమ్మల్ని ఓడిస్తోందా. ఆన్‌లైన్ మైకుల్లో వినిపించే బూతుల్లో కొంత భాగం మనుషుల దుర్మార్గమే, కాదనను. కొంత భాగం మాత్రం ఈ పొసగని నిజాల వల్ల అని నా అనుమానం.

దూరాన్ని చెరిపేసిందన్న కీర్తి కూడా షూటర్ల విషయంలో సగమే నిజం. ఎమ్మెస్ చేసే రోజుల్లో మేం నలుగురం తెలుగువాళ్ళం ఒక అపార్ట్‌మెంట్‌లో ఉండేవాళ్ళం. సెకండ్‌హ్యాండ్ ఎక్స్‌బాక్స్ 360, హేలో 3, నాలుగు ముక్కల తెర. ఓడినవాడు అంట్లు తోమాలి. “ఒరేయ్, నా తెర చూడకురా!” అన్న అరుపు లేకుండా ఒక్క రాత్రి గడవలేదు. తర్వాత ఒకడు హైదరాబాద్ వెళ్ళిపోయాడు, ఒకడు డాలస్‌లో ఉన్నాడు. ఆన్‌లైన్ ఉందిగా అనుకున్నాం. హైదరాబాద్‌కీ డాలస్‌కీ మధ్య దూరం దగ్గరదగ్గర 14 వేల కిలోమీటర్లు. గాజు తీగలో కాంతి సెకనుకి సుమారు 2 లక్షల కిలోమీటర్లు పోతుంది. వెళ్ళి రావడానికి 140 మిల్లీసెకన్లు, అదీ సముద్రాల మీంచి తిన్నగా తీగ వేస్తే. నిజంగా అయ్యేది అంతకన్నా చాలా ఎక్కువ. సెకనుకి 60 ఫ్రేములు గీసే ఆటలో 140 మిల్లీసెకన్లంటే ఎనిమిది ఫ్రేములు దాటిన సంగతి. ఫోన్ మాట్లాడుకోడానికి ఇది లెక్కలోకి రాదు, కాల్చుకోడానికి మాత్రం ప్రాణాంతకం. మ్యాచ్‌మేకింగ్ చేసే పని కూడా వీలైనంత దగ్గర సర్వర్ దగ్గరున్న మనుషుల్ని కలపడమే. కాబట్టి ఆన్‌లైన్ నాకు దూరంగా ఉన్న స్నేహితుణ్ణి ఇవ్వలేదు, దగ్గర్లో ఉన్న అపరిచితుణ్ణి ఇచ్చింది.

స్ప్లిట్ స్క్రీన్ ఎందుకు పోయిందంటే సాంకేతిక కారణం చెప్తారు. అబద్ధమేం కాదు. తెర ముక్కలైనా మొత్తం పిక్సెళ్ళు అవే కదా అనిపిస్తుంది, కానీ అసలు బరువు అది కాదు. ఒక్క కెమెరా ఉంటే వీపు వెనకున్న లోకాన్ని గీయకుండా వదిలేయొచ్చు. నాలుగు కెమెరాలు నాలుగు దిక్కులు చూస్తుంటే వదిలేయడానికి ఏదీ మిగలదు. పెద్ద మైదానంలో ఇద్దరు చెరో మూలకి పోతే రెండు మూలల్నీ మెమరీలో ఉంచాలి. 2015లో హేలో 5 స్ప్లిట్ స్క్రీన్‌ని పూర్తిగా తీసేసినప్పుడు, సెకనుకి 60 ఫ్రేములు నిలబెట్టాలంటే తప్పదన్నారు. అయితే పెర్ఫార్మెన్స్ అనే మాట ఎప్పుడెప్పుడు బయటికి తీస్తామో మా వాళ్ళకి తెలుసు. నలుగురు ఒక టీవీ ముందు కూర్చుంటే అమ్ముడయ్యేది ఒక డిస్కు. నలుగురు నాలుగిళ్ళలో ఉంటే నాలుగు కన్సోళ్ళు, నాలుగు డిస్కులు, పైన నాలుగు చందాలు. ఆ లెక్కకి ఇంజినీర్ అక్కర్లేదు.

2017లో హేలో స్టూడియో అధిపతి బానీ రాస్ ఇకమీదట వచ్చే ప్రతి హేలో షూటర్‌లోనూ స్ప్లిట్ స్క్రీన్ ఉంటుందని వేదిక మీద మాటిచ్చింది. 2021 నాటి ‘హేలో ఇన్ఫినిట్’ పోటీ ఆటల్లో అది ఉంది. కథ భాగంలో మాత్రం ఇస్తామని చెప్పి 2022 సెప్టెంబర్‌లో రద్దు చేశారు. తమాషా ఏంటంటే, మెనూలో ఒక కిటుకుతో అది పనిచేస్తోందని ఆటగాళ్ళే కనిపెట్టారు.

చివరికి ఎవరి చేతిలో ఏం మిగుల్తుందన్నది ఇంకో సంగతి. పాత ఎక్స్‌బాక్స్ ఆన్‌లైన్ సేవల్ని 2010 ఏప్రిల్ 15న ఆపేశారు. అప్పటికి హేలో 2లో ఉన్నవాళ్ళు కొందరు కన్సోల్ కట్టకుండా అలాగే ఉండిపోయారు. బయటికి వెళ్తే మళ్ళీ లోపలికి రాలేరు కాబట్టి, ఒక్కొక్కరే రాలిపోతూ దాదాపు నెల్లాళ్ళు ఆడారు. 2024 ఆగస్టు 23న సోనీ ‘కాంకర్డ్’ అనే షూటర్ విడుదల చేసి, సెప్టెంబర్ 6న సర్వర్లు ఆపేసి డబ్బులు వెనక్కిచ్చింది. రెండు వారాలు. డబ్బులొచ్చాయి కాబట్టి మోసం అనలేం. కానీ ఆ ఆట బాగుందా లేదా అని ఇప్పుడు విమర్శ రాయాలంటే దేన్ని చూసి రాయాలి? 1997 నాటి క్యాసెట్టు పెడితే గోల్డెన్‌ఐ ఇప్పటికీ నలుగురితో నడుస్తుంది, నత్తలాగానే అయినా.

మొదటి హేలోని కొత్తగా తీస్తున్నామని 2025 అక్టోబర్‌లో ప్రకటించారు. ఈసారి ప్లేస్టేషన్ మీద కూడా వస్తుందట. కథ భాగాన్ని ఆన్‌లైన్‌లో నలుగురు కలిసి ఆడొచ్చు, ఒకే టీవీ ముందు ఇద్దరు ఆడొచ్చు. పదహారుమంది కేబుళ్ళు మోసుకొచ్చి కొట్టుకున్న పోటీ ఆట మాత్రం అందులో లేదు. పక్కవాడి తెర మళ్ళీ కనిపిస్తుంది, కానీ ఇప్పుడు వాడు మన జట్టే.