గొలుసు ఎంత వదులుండాలి?

ట్యాంకు నమూనాలు చేసేవాళ్లలో చాలామంది రంగు మీద పెట్టే శ్రద్ధలో సగం కూడా గొలుసు మీద పెట్టరు. టరెట్ ఎంత చక్కగా అతికినా, రెజిమెంట్ గుర్తులు ఎంత నిఖార్సుగా దిద్దినా, పైన గొలుసు ఉండాల్సిన తీరులో లేకపోతే ముప్ఫై టన్నుల ఇనుమును చూస్తున్నామన్న నమ్మకం అక్కడే పోతుంది. అందుకే డబ్బాలో వచ్చిన గొలుసును పక్కనపెట్టి విడిగా మరోటి తెచ్చి వేయడం ఈ పనిలో ఎప్పటినుంచో ఉన్న ఆనవాయితీ. అయితే ఏది తేవాలన్న దగ్గర, ఖరీదైన లోహపు గొలుసే అన్నిటికన్నా మేలన్న నమ్మకం ఒకటి పాతుకుపోయింది. నేను దాన్ని ఒప్పుకోను. ముందు తేల్చుకోవాల్సింది ధర కాదు, లోహమా ప్లాస్టిక్కా అన్నదీ కాదు. మీరు చేస్తున్న ఆ ట్యాంకుకు అసలు గొలుసు ఎలా వేలాడేది, లేదా ఎలా బిగిసి ఉండేది అన్నది.

డబ్బాలో మెత్తటి వినైల్ గొలుసు ఎందుకొస్తుందో తెలిస్తే సగం సంగతి అర్థమవుతుంది. జపాన్‌లోని తమియా కంపెనీ 1960ల మొదట్లో తన తొలి 1/35 ట్యాంకు, జర్మన్ పాంథర్‌ను తెచ్చినప్పుడు అది మోటారుతో నడిచే బొమ్మ. లోపల మోటారు, బ్యాటరీలు పట్టాలన్న లెక్కతోనే ఆ 1/35 కొలత పుట్టింది. నడిచే బొమ్మకు వంగే గొలుసు కావాలి. మోటార్లు పోయాయి, బొమ్మ అల్మరాలోకి చేరింది, వంగే గొలుసు మాత్రం డబ్బాలో అలాగే మిగిలిపోయింది.

ఇప్పుడు అసలు గొలుసు దగ్గరికి వద్దాం. వరి కోతలకు చైన్ మిషన్ దిగినప్పుడు చూసినవాళ్లకు కొంత తెలిసే ఉంటుంది: బరువు వెడల్పాటి పట్టీ మీద పరుచుకుంటుంది కాబట్టి తడి మడిలోనూ బండి దిగబడదు. ట్యాంకుదీ అదే సూత్రం. తేడా అంతా లింకుకూ లింకుకూ మధ్య కీలులో ఉంది. ఇనుప లింకుల్లోంచి ఇనుప పిన్ను నేరుగా పోతే అది డెడ్ ట్రాక్. కీలు వదులుగా తిరుగుతుంది, గొలుసు తన బరువుకు తానే కిందికి జారి చక్రాల మీద వాలుతుంది. పిన్ను చుట్టూ రబ్బరు బుష్ ఉంటే అది లైవ్ ట్రాక్. రబ్బరు ఎప్పుడూ లింకును తన వంపువైపు లాగుతూ ఉంటుంది కాబట్టి గొలుసు బిగువుగా నిలుస్తుంది. రష్యన్ టీ-34, జర్మన్ టైగర్ మొదటి రకం. అమెరికన్ షెర్మన్, ప్యాటన్ రెండో రకం.

దీనికి ఇంజిను కూడా తోడవుతుంది. ఇంజిను తిప్పే పళ్ల చక్రం ముందుంటే (షెర్మన్‌కు ముందే ఉంటుంది) బండి నడుస్తున్నప్పుడు అది పైగొలుసును తనవైపు లాక్కుంటుంది, కాబట్టి పైభాగం సాగి ఉంటుంది. పళ్ల చక్రం వెనకున్న ప్యాటన్, రష్యన్ టీ-55 లాంటివాటిలో లాగుడు కిందివైపు పడుతుంది, పైన కాస్త సడలింపు మిగులుతుంది.

ఇక్కడ మన హైదరాబాద్ కథ ఒకటి కలుస్తుంది. 1790లో నిజాం కొలువు కోసం పుట్టిన గుర్రపుదళం కాలక్రమంలో డెక్కన్ హార్స్ అయింది. గుర్రాలు పోయి ట్యాంకులు వచ్చాక, 1965 సెప్టెంబరులో పంజాబ్‌లోని అసల్ ఉత్తర్ దగ్గర ఆ రెజిమెంట్ షెర్మన్లతో నిలబడింది. అప్పటికే పాతబడిన బండ్లవి. ఎదురుగా వచ్చినవి పాకిస్తాన్ కొత్త ప్యాటన్లు. మనవాళ్లు కాలువ గట్లు తెంచి చెరకు తోటల్లోకి నీళ్లు వదిలారు. వెడల్పాటి గొలుసులతో వచ్చిన ప్యాటన్లు ఆ బురదలో ఇరుక్కోవడంతో చాలా చోట్ల వాటిని వదిలేసి పోయారు. డెక్కన్ హార్స్ షెర్మన్ చేయాలనుకునేవాళ్లు ఈ నగరంలో ఇంకా ఎక్కువమంది ఉండాలని నా కోరిక.

ఆ షెర్మన్‌కు ఏ గొలుసు? ఇక్కడే లోహపు గొలుసు మోసం చేస్తుంది. హంగేరీ నుంచి వచ్చే ఫ్రియుల్ మోడల్ తెల్లలోహపు లింకులు చాలా అందమైనవి. కానీ వాటి బరువు వాటిని కిందికి లాగుతుంది, షెర్మన్ గొలుసు అలా జారకూడదు. కిట్ ధరను దాటిన సొమ్ము పెట్టి, దిగుమతి సుంకం కూడా కట్టి, చివరికి తప్పు ఆకారం తెచ్చుకున్నట్టవుతుంది. దానికన్నా లింకు లింకుగా అతికే ప్లాస్టిక్ గొలుసు మేలు. జిగురు పూర్తిగా ఆరకముందే చక్రాల చుట్టూ తిప్పి, వంపులు చేత్తో సర్దుకోవచ్చు. ఇక బురదలో దిగబడిన ప్యాటన్ చేస్తుంటే కింది భాగం ఎలాగూ మట్టిలో పోతుంది. పైన చిన్న రోలర్ల మీద ఉన్న వరస ఒక్కటి సరిగా ఉంటే చాలు. దానికి డబ్బాలో వచ్చిన వినైలే సరిపోతుంది.

తొలి రకం గొలుసున్న టీ-55కి మాత్రం లోహమే వేస్తాను. పైన రోలర్లు లేవు, ఐదు పెద్ద చక్రాలే. గొలుసు నేరుగా వాటి మీదికి వాలాలి. 58 సెంటీమీటర్ల వెడల్పు మన 1/35 కొలతలో పదహారున్నర మిల్లీమీటర్లకు దిగుతుంది. ఒక్కో లింకు రంధ్రాన్ని సన్నటి చేతి డ్రిల్లుతో శుభ్రం చేసి, తీగను దూర్చి, అంచున సూదిమొనతో చుక్క జిగురు పెట్టాలి. జిగురు లోపలికి జారిందంటే కీలు బిగుసుకుపోతుంది, అంతా వృథా. ఓపిక కావాల్సిన పనే, కానీ పూర్తయిన గొలుసును చేతిలోకి తీసుకుంటే వేళ్ల మధ్య నుంచి జారుతుంది. అప్పుడు తెలుస్తుంది డెడ్ ట్రాక్ అంటే ఏమిటో. తర్వాత నల్లబరిచే రసాయనంలో ముంచి, నేలను తాకే అంచుల్ని మెత్తటి పెన్సిల్ సీసంతో రుద్దితే అరిగిన ఇనుము మెరుపు వస్తుంది. అయితే చక్రాలను గట్టిగా అతికించుకోవాలి. లోహం బరువుకు ముందున్న చిన్న చక్రం ఊడి చేతికొచ్చిన బొమ్మల్ని చూశాను.

హైదరాబాద్ ఉస్మాన్‌గంజ్‌లో ట్యాంకు గొలుసు దొరకదు. దాన్ని నిలబెట్టే సరంజామా మాత్రం అక్కడా, పక్కనే బేగంబజార్ గల్లీల్లోనూ దొరుకుతుంది. బస్తాల బండ్లను తప్పించుకుంటూ హార్డ్‌వేర్ కొట్టుకెళ్లి, "అన్నా, అర మిల్లీ ఇత్తడి తీగ ఉందా?" అని అడిగితే చుట్ట తీసి ముందు పెడతారు. వినైల్ గొలుసును టీ-55 మీద వేయక తప్పని పరిస్థితి వస్తే ఆ తీగే దిక్కు. చక్రం వెనక, బయటికి కనపడని చోట, బండి పక్కగోడకు సన్నటి రంధ్రం చేసి తీగముక్క నాటితే అది గొలుసును కిందికి అదిమిపెడుతుంది. జిగురు పట్టేదాకా మడ్‌గార్డుకూ గొలుసుకూ మధ్య స్పాంజి ముక్క కుక్కి ఉంచాలి. ఇంకో జాగ్రత్త: వినైల్‌ను మెత్తగా ఉంచే రసాయనం ఏళ్లు గడిచేకొద్దీ ప్లాస్టిక్ చక్రాన్ని తినేస్తుంది. తగిలే చోటల్లా ముందే ఒక పూత రంగు వేయడం తప్పనిసరి.

త్రీడీ ముద్రణతో వచ్చే రెజిన్ లింకులు ఇప్పుడు జోరుగా ఉన్నాయి. వివరం అద్భుతం, పెళుసుదనం ఎక్కువ.

మన దగ్గరే తయారయ్యే బండి చేయాలనుకుంటే సంగారెడ్డి జిల్లా ఎద్దుమైలారం ఫ్యాక్టరీ నుంచి వచ్చే బీఎంపీ-2 శరత్ ఉంది. నీళ్లలో దాన్ని ముందుకు తోసేది కూడా గొలుసులే. పళ్ల చక్రం ముందు, పైన మూడు రోలర్లు, రబ్బరు బుష్‌ల గొలుసు. కాబట్టి బిగువుగానే ఉంచండి. నిజం బండ్ల గొలుసుల్ని దగ్గరగా చూడాలంటే మహారాష్ట్రలోని అహ్మద్‌నగర్ (ఇప్పుడు అహిల్యానగర్) కావల్రీ ట్యాంక్ మ్యూజియానికి ఒకసారి వెళ్లి రావాలి. ఫొటోలో కనపడని పిన్ను తల అక్కడ కంటికి కనిపిస్తుంది.

మట్టి రంగు కూడా గొలుసు పనిలో భాగమే. నిజాం రాజ్యాన్ని భారత్‌లో కలిపిన 1948 సెప్టెంబరు పోలీసు చర్యలో భారత సైన్యపు మేజర్ జనరల్ చౌధురి సేనలు సోలాపూర్ రోడ్డు మీదుగా హైదరాబాద్ వైపు వచ్చాయి. షెర్మన్లు, స్టువర్టులే ఆనాటి మన ట్యాంకులు. ఆ దారి పొడవునా ఒకచోట నల్లరేగడి, ఇంకోచోట ఎర్రనేల. పైగా వానాకాలం. ఆ బండి చేస్తూ విదేశీ పుస్తకం చూసి గొలుసుకు ఐరోపా బురద పూస్తే ఎలా? ఊరి నుంచి గుప్పెడు రేగడి తెచ్చి, వస్త్రకాయం పట్టి, మ్యాట్ వార్నిష్‌లో కలిపి లింకుల సందుల్లో పెడితే సరిపోతుంది. పైకి పొడుచుకొచ్చిన భాగాల్లో మాత్రం మట్టి తుడిచేయాలి, రోడ్డు మీద నడిచిన గొలుసుకు అక్కడ మట్టి నిలవదు.

పని అయ్యాక సెట్‌లో కొన్ని లింకులు మిగులుతాయి. పారేయొద్దు. నిజమైన ట్యాంకుల సిపాయిలు తెగిన గొలుసును దారిలోనే అతుక్కోవడానికి, అదనపు రక్షణ కోసమూ స్పేర్ లింకుల్ని బండి మీదే కట్టుకుని తిరిగేవాళ్లు. మీ రెజిమెంట్ ఫొటోలో అవి ముందు పలక మీద ఉన్నాయా, టరెట్ పక్కనా అన్నది చూసి, అదే చోట బిగించండి. నేలను తాకని లింకులవి. వాటికి పెన్సిల్ మెరుపు వద్దు, తుప్పు రంగు వేయండి.