బోర్డు మీద పేరు, కుండలో గింజ

మా బడి వంటగది గోడకు ఒక మెనూ బోర్డు ఉంది. పెయింటు పెచ్చులూడిన చోట కింది అక్షరాలు బయటపడుతుంటాయి. అన్నిటికంటే పైన ‘డొక్కా సీతమ్మ మధ్యాహ్న బడి భోజనం’. దాని కింద ‘జగనన్న గోరుముద్ద’. ఇంకా అడుగున ఎవరి పేరూ లేని ఉత్త ‘మధ్యాహ్న భోజన పథకం’. మూడో తరగతి పిల్లలు అక్షరాలు కూడబలుక్కోవడానికి ఇంతకన్నా మంచి వాచకం లేదని మాలో మేం నవ్వుకుంటాం.

మేమంటే అల్లూరి సీతారామరాజు జిల్లా కొండల్లో పుట్టి, టీచర్ ట్రైనింగ్ చదివి, మళ్లీ ఆ కొండల్లోనే ఒకరిద్దరు టీచర్ల బడులు నడుపుతున్నవాళ్లం. జిల్లాకు ఆ పేరు వచ్చిందీ 2022లోనే. అంతకు ముందు విశాఖ మన్యం వాళ్లం. రాజధానిలో ప్రభుత్వం మారితే మాకు ముందుగా చేరేది కొత్త పేరు. బియ్యం బస్తా కన్నా ముందే చేరుతుంది. పెయింటు డబ్బాకు డబ్బులు మాత్రం చాలా ఆలస్యంగా వస్తాయి.

తిండి గురించి, సేద్యం గురించి ప్రభుత్వాలు మారినప్పుడు పత్రికల్లో చాలా రాస్తారు. ఎవరు ఎంత ఖర్చు పెట్టారు, ఎవరు ఎంత ఎగ్గొట్టారు అని లెక్కలు వేస్తారు. ఆ లెక్కలూ కావాలి. అయితే వాటిలో ఒక ప్రశ్న మాకు ఎన్నడూ కనబడలేదు. మా కొండ మీద పండిన గింజను ఈ ప్రభుత్వం కొన్నదా? కొని మా పిల్లల కంచంలో పెట్టిందా? మేం ఈ ప్రశ్న పట్టుకునే ప్రభుత్వాలను చదువుతాం.

ముందు న్యాయంగా చెప్పవలసింది చెప్పాలి. 1983లో ఎన్.టి. రామారావు ప్రభుత్వం వచ్చి కిలో 2 రూపాయల బియ్యం పెట్టింది. అప్పటికి మాలో కొందరం చంటిపిల్లలం, కొందరం ఇంకా పుట్టలేదు. మా అమ్మలు చెప్పగా విన్నాం. వానలు పట్టిన దగ్గర నుంచి సామలు కోతకొచ్చేదాకా ఇంట్లో గింజ ఉండేది కాదట. మామిడి టెంకలు పగలగొట్టి, లోపలి జీడి నానబెట్టి, వగరు పోయేదాకా నీళ్లు మార్చి మార్చి, పిండి కొట్టి అంబలి కాచేవాళ్లు. అడవి దుంపలు తవ్వుకొచ్చేవాళ్లు. సరిగా ఉడకకపోతే వాంతులు. అలాంటి నెలల్లో డిపో నుంచి మోసుకొచ్చిన ఆ బియ్యం ప్రాణాలు నిలబెట్టింది. ఒక ప్రభుత్వం పోయి ఇంకొకటి వచ్చినందుకు కుండలో నిజంగా తేడా కనిపించింది ఎప్పుడని అడిగితే మా ముసలివాళ్లు ఇప్పటికీ అదే చెబుతారు. కొందరికి రేషన్ బియ్యమంటే నేటికీ ‘రామారావు బియ్యమే’.

తర్వాత ఆ ధర ఎన్నికల గాలికి ఊగింది. మధ్యలో పెరిగి, 1994లో రామారావు మళ్లీ గెలిచాక 2 రూపాయలకు దిగింది. 1996లో మూడున్నర అయింది, 2000లో 5 రూపాయల 25 పైసలైంది. 2008లో రాజశేఖరరెడ్డి ప్రభుత్వం తిరిగి 2 రూపాయలు చేసింది. 2011లో కిరణ్‌కుమార్ రెడ్డి ప్రభుత్వం ఒక్క రూపాయికి దించింది. 2023 జనవరి నుంచి ఆహార భద్రతా చట్టం కింద ఉన్న కార్డులకు కేంద్రం ఉచితంగానే ఇస్తోంది. ధర పెరిగిన ఆ రోజుల్లో బియ్యం విడిపించుకోలేక కార్డును షావుకారు దగ్గర తాకట్టు పెట్టిన ఇళ్లు మాకు తెలుసు. కాబట్టి ప్రభుత్వాలన్నీ ఒకటే అని మేం తేలిగ్గా అనలేం. అలా అనేవాళ్లు డిపో దగ్గర వరసలో నిలబడి ఉండరు.

కానీ ఇన్నేళ్ల ఊగులాటలో ధర మారింది తప్ప గింజ మారలేదు. ఎవరు వచ్చినా బియ్యమే. 2013 నాటి ఆహార భద్రతా చట్టంలో కిలో బియ్యం 3 రూపాయలు, గోధుమలు 2 రూపాయలు, ముతక ధాన్యాలు 1 రూపాయి అని మూడు రకాలు రాసి ఉన్నాయి. మా నేలకు తగినది ఆ మూడోది. మా డిపోలో దాన్ని మేం కళ్లజూడలేదు. ‘ముతక’ అన్న మాట చూడండి. మా చోళ్ళు, సామలు, కొర్రలు చట్టంలో ముతకవి. పదేళ్లు తిరిగేసరికి 2023ను అంతర్జాతీయ చిరుధాన్యాల సంవత్సరం అన్నారు, వాటికే ‘శ్రీ అన్న’ అని పేరు పెట్టారు. పేర్లు మారే వేగంలో మా చోళ్ళు మా బడి బోర్డుతో పోటీ పడుతున్నాయి.

బియ్యమే ఎందుకు? దాని వెనక మిల్లులున్నాయి, గోదాములున్నాయి, లారీలున్నాయి, కింద డెల్టాలో లక్షల మంది రైతులున్నారు. బియ్యానికి దారి వేసి ఉంది. ప్రభుత్వం మారితే ఆ దారి మీద పెత్తనం చేసేవాళ్లు మారతారు, దారి అక్కడే ఉంటుంది. చోళ్ళకు ఎవరూ దారి వేయలేదు. అందుకే ఏ ప్రభుత్వం వచ్చినా ఒక్క ఉత్తర్వుతో అయ్యే పనులు తొందరగా అవుతాయి. ధర తగ్గించడం, పేరు మార్చడం, బండి పెట్టడం, బండి తీసేయడం అలాంటివే. ఊళ్లో గింజ కొని, ఊళ్లోనే దాచి, ఊరి బడిలో వండించడానికి ఉత్తర్వు ఒక్కటే చాలదు. ఐదేళ్లు కూర్చుని చేయాలి.

ఈలోగా కొండ మారిపోయింది. బియ్యం ఇంటికి వచ్చాక చోళ్ళు తిరగట్లో విసిరే ఓపిక తగ్గింది. మెట్ట చెక్కల్లో కాఫీ వచ్చింది, మిరియాలు వచ్చాయి. డబ్బులూ వచ్చాయి, కాదనం. మా జీతాలు రాకముందు మా చదువులకు పసుపు, కాఫీయే ఖర్చు పెట్టాయి. కానీ సామ విత్తనం, కొర్ర విత్తనం ఇళ్లలో కరువైంది. ఒక ఏడాది మా ఊళ్లో దిసారి కొత్తల పండుగకు రోజు చెప్పాడు. అందరం సిద్ధమయ్యాక చూస్తే దేవతకు పెట్టడానికి ఊరిలో కొత్త సామలు లేవు. పక్క ఊరికి మనిషిని పంపి తవ్వెడు అడిగి తెచ్చుకున్నాం. పెద్దవాళ్లు ఎవరూ ఏమీ అనలేదు. ఆ రోజు వాళ్ల మౌనం మాకు ఇంకా గుర్తుంది.

ఇక బడి దగ్గరికి వస్తాం. 2023 మార్చిలో వారానికి మూడు రోజులు రాగిజావ మొదలైంది. మంగళ, గురు, శనివారాలు. మిగతా మూడు రోజులు పల్లీ చిక్కీ. 2024లో ప్రభుత్వం మారి పథకం పేరు మారినా జావ ఆగలేదు. ఇందుకు రెండు ప్రభుత్వాలకూ మార్కులు వేస్తాం. 2025 జూన్‌లో బడులు తెరిచేటప్పటికి సన్నబియ్యం వచ్చింది. పారబోసే అన్నం తగ్గింది, పిల్లలు ఇష్టంగా తింటున్నారు. అది కూడా రాసుకోవాలి.

జావ పోసిన మొదటి రోజు రెండో తరగతి పిల్ల గ్లాసు వాసన చూసి, “ఇది మా ఇంటి చోడంబలే కదా సారూ, బెల్లం ఎందుకేశారు?” అంది. మేం నవ్వాం గాని, లోపల ఏదో గుచ్చుకుంది. మేం హాస్టల్లో చదివే రోజుల్లో ఆదివారం ఇంటి నుంచి ఆనపబుర్రలో అంబలి తెచ్చుకున్న పిల్లలను ఒక పేరు పెట్టి పిలిచేవాళ్లు. ఆ పేరు ఇక్కడ రాయం. ఆ సిగ్గుతోనే పెరిగి, టీచర్లమయ్యాక మాలో కొందరం పిల్లలకు “అంబలి తాగి బడికి రావద్దు, నిద్రొస్తుంది” అని చెప్పాం. మా ఇళ్లలో మా పిల్లలకు ఇడ్లీ పెట్టాం. ప్రభుత్వాలను విమర్శించే ముందు ఇది ఒప్పుకోకపోతే మా విమర్శకు విలువ ఉండదు.

అయితే ఆ జావ పొడి ఎక్కడి నుంచి వస్తోంది? ప్యాకెట్లలో, కింద మైదానం నుంచి, ఘాట్ ఎక్కి వస్తోంది. అదే ఘాట్‌లో సంత రోజు సాయంత్రం మా చోళ్ళ బస్తాలు వ్యాపారి వ్యానులో కిందికి దిగుతాయి. 2025-26కి కేంద్రం ప్రకటించిన మద్దతు ధర క్వింటా వడ్లకు 2,369 రూపాయలు, రాగులకు 4,886 రూపాయలు. కాగితం మీద మా గింజ వడ్ల కన్నా రెండింతలు ఖరీదైనది. సంతలో ఆ ధర పలికే నోరు లేదు. వ్యాపారి తన అడ్డతో కొలుస్తాడు, తన మాటే ధర.

రేషన్ బండ్ల కథ కూడా ఇలాంటిదే. 2021లో రాష్ట్రమంతా 9,260 బండ్లు పెట్టి ఇంటి ముంగిట రేషన్ అన్నారు. మా వైపు బండి తోలింది మా కుర్రాడే. బండి ఘాట్ మలుపు దాకా వచ్చేది, అక్కడి నుంచి గూడేలకు కాలిబాట. ఇంటి ముంగిట అన్నది మా దగ్గర రోడ్డు ముంగిట అయింది. అయినా పాత డిపో కన్నా దగ్గరే, కొంత సుఖపడ్డాం. 2025 జూన్ 1 నుంచి బండ్లు రద్దయ్యాయి, మళ్లీ డిపోకే నడక. ముసలివాళ్లకు, దివ్యాంగులకు ఇంటికే చేరుస్తామన్నారు. బండి పెట్టేటప్పుడు గాని, తీసేటప్పుడు గాని మా గూడెంలో ఎవరూ కూర్చుని అడగలేదు. కొండ ఎత్తు ఎవరి పాలనలోనూ తగ్గలేదు.

రైతు డబ్బుల సంగతి తొందరగా చెప్పి ముగిస్తాం. 2019 అక్టోబరులో మొదలైన రైతు భరోసా ఏడాదికి 13,500 రూపాయలు. అటవీ హక్కు పత్రాలున్న మా వాళ్లను కూడా అందులో చేర్చడం మంచి పని. 2025 ఆగస్టులో అన్నదాత సుఖీభవ వచ్చింది, కేంద్రం ఇచ్చే 6,000తో కలిపి 20,000. ఈ రెండు పేర్ల మధ్య, ప్రభుత్వం మారిన 2024-25లో, రాష్ట్రం వాటా రాలేదు. ఒక పేరు నుంచి ఇంకో పేరుకు దాటేటప్పుడు రైతుకు ఒక ఏడాది జారిపోయింది. అటవీ హక్కుల చట్టం 2006లో వచ్చినా పోడు చేస్తూ పత్రం చేతికి రానివాళ్లు మా చుట్టూ ఇంకా ఉన్నారు. వాళ్లకు 13,500 ఎంతో 20,000 కూడా అంతే.

పక్కనే ఒడిశాలో కోరాపుట్ ఉంది. మా ఆడపిల్లలను అటు ఇచ్చాం, అటు పిల్లలను తెచ్చుకున్నాం. 2017లో అక్కడి ప్రభుత్వం మిల్లెట్ మిషన్ మొదలుపెట్టింది. గిరిజన సహకార సంస్థ మద్దతు ధరకు చోళ్ళు కొనడం, రేషన్‌లో పంచడం చేసింది. 2024 జూన్‌లో 24 ఏళ్ల నవీన్ పట్నాయక్ పాలన పోయి బీజేపీ ప్రభుత్వం వచ్చింది. చోళ్ళ కొనుగోలు ఆగలేదు. అక్కడ అంతా బాగుందని మేం అనడం లేదు, మా వియ్యాలవారికీ ఫిర్యాదులున్నాయి. కానీ మహిళా సంఘాలు, కొనే చోటు, తూకం, ధర కొన్నేళ్లపాటు నడిచి అలవాటైపోయాక వాటిని తీసేయడం కొత్తగా వచ్చినవాళ్లకు అంత తేలిక కాదు. అక్కడ చోళ్ళకు ఒక దారి పడింది. ఇటు మాకు బోర్డు మిగిలింది.

జావ మొదలైన ఏడాదే మా ఊరి గ్రామసభలో ఒక తీర్మానం చేశాం. బడి జావకు కావలసిన చోళ్ళు ఊరి సంఘం దగ్గరే మద్దతు ధరకు కొనాలి, ఊళ్లోనే మర పట్టించాలి, లెక్క తల్లుల కమిటీ చూడాలి. ఆడవాళ్లందరూ వేలిముద్రలు వేశారు. తీర్మానం ఒక ఆఫీసుకు ఇచ్చాం, అక్కడి నుంచి ఇంకో ఆఫీసుకు పోయింది. ఎన్నికలొచ్చాయి, ఆగమన్నారు. ఎన్నికలయ్యాక వెళ్తే సీటులో కొత్త మనిషి కాగితం తిప్పి చూసి, “ఇది పాత పథకం పేరుతో ఉంది మాస్టారూ, చెల్లదు. కొత్తగా రాయించుకు రండి” అన్నారు.

రాయించాం. ఈసారి వేలిముద్రల్లో రెండు తగ్గాయి, ఆ ఇద్దరు అవ్వలూ ఈ మధ్యలో పోయారు. ‘చోళ్ళు’ అని రాస్తే ఆఫీసులో తెలియదేమోనని పక్కన ‘రాగులు’ అని కూడా రాశాం. పథకం పేరు రాసే చోట మాత్రం ఖాళీ వదిలి పెన్సిల్‌తో గీత గీసి ఉంచాం. ఇచ్చే రోజు అడిగి నింపుతాం.