పారిజాతాపహరణమున దాంపత్యము

నంది తిమ్మన కావ్యమనగానే సత్యభామ వామపాదతాడనమే జ్ఞప్తికి వచ్చుట పరిపాటి. కృష్ణదేవరాయలకును (1509–1529) తిరుమలదేవికిని కలిగిన ఎడబాటును మాన్పుటకే ఇది పుట్టెనను ఐతిహ్యము ఆ ఘట్టమునకు మరింత ప్రాచుర్యము తెచ్చినది. ఐతిహ్యము నిజమైనను కాకున్నను, తిమ్మన చిత్రించినది తొలివలపు కాదు. మగడు తనవాడేయను ధీమాతో నడచుచున్న కాపురము. నారదుడు తెచ్చిన పుష్పము రుక్మిణిని చేరుటతో ఆ ధీమా చెదరెను. తన్నిన పాదమునకు నొప్పి కలిగెనేమోయని కృష్ణుడు పరితపించుట వట్టి చమత్కారమని కొందరందురు. కాదు; ప్రభువు తన ప్రభుత్వమును మరచిన క్షణమది. అయినను అనునయవాక్యములతో పని తీరలేదు. చెట్టునే తెచ్చెదనని మాట ఇచ్చి, ఆమెను వెంటగొని స్వర్గమున కేగవలసివచ్చెను.

కాని వలపు నిజముగా చిగిర్చినది పంచమాశ్వాసమున. తనకొరకు ఇంద్రునితో పోరిన మగనిని సత్య పుణ్యకవ్రతమున నారదునకు దానమిచ్చి, వెల చెల్లించి తిరిగి పొందును. తనదని గట్టిగా పట్టుకొన్న చేతులే ఒకసారి విడిచి, మరల అందుకొన్నవి. దీనిని వ్రతకథగా దాటిపోవు పాఠకుడు కావ్యమున సగము పోగొట్టుకొనును.

ఒక్క లోపము కలదు. ఈ కాపురము చిగిర్చుటకు వేరొక ఇంటి పువ్వు కారణమయ్యెను. ఆ ఇంటి ఇల్లాలిపై తిమ్మన ఇంత శ్రద్ధ చూపలేదు.