‘మల్లేశం’ చిత్రం – నీడలో ఉండిపోయిన పనిశాల

హైదరాబాదు నుండి వరంగల్లు వెళ్ళే రైలుమార్గంలో భువనగిరికి, జనగామకు నడుమ ఆలేరు అనే స్టేషను ఉన్నది. ఆ ఆలేరుకు చేరువలో ఉన్న శారాజీపేట గ్రామంలో ఒక చేనేత కుటుంబంలో పుట్టిన శ్రీ చింతకింది మల్లేశం, తల్లి భుజం నొప్పిని చూడలేక ఆసుపోసే యంత్రాన్ని కనిపెట్టిన కథ తెలంగాణలో చాలామందికి తెలిసినదే. 1992లో ఆరంభమైన ఆ ప్రయత్నం 1999లో ఫలించింది. యంత్రానికి తల్లి పేరిట ‘లక్ష్మీ ఆసుయంత్రం’ అని పేరు పెట్టారు. భారత ప్రభుత్వం 2017లో ఆయనను పద్మశ్రీ బిరుదంతో గౌరవించింది. ఆ జీవితాన్ని ఆధారం చేసుకొని రాజ్ రాచకొండ దర్శకత్వంలో వచ్చిన ‘మల్లేశం’ చిత్రం 2019 జూన్ 21న విడుదలైంది.

ఒక యంత్రనిర్మాతను కథానాయకునిగా చేసిన తెలుగు చిత్రాలు అరుదు. కనుక వినోదదృష్టితో మాత్రమే కాక విజ్ఞానబోధ దృష్టితో కూడా ఈ చిత్రాన్ని పరిశీలించడం అవసరం. చూచిన విద్యార్థి యంత్రనిర్మాణం గురించి ఏమి నేర్చుకొని బయటకు వస్తాడు అన్నది ఇక్కడి ప్రశ్న.

ముందుగా ఆసు అంటే ఏమో తెలియాలి. చిటికి చీరలలో నూలుకు ముందే ముడులు కట్టి, రంగులో ముంచి, ఆ తరువాత నేస్తారు. ముడులు సరియైన చోట పడాలంటే పేకనూలును ముందుగా ఒక క్రమంలో పరచుకోవాలి. అందుకు ఒక చట్రం ఉంటుంది. ఒకవైపు ఒక్క మేకు, దానికి ఎదురుగా అర్ధవృత్తాకారంలో అనేక మేకులు. ఆడవారు నూలుపోగును ఆ ఒక్క మేకు నుండి ఎదుటి మేకుకు, అక్కడి నుండి మళ్ళీ వెనుకకు తిప్పుతూ పోవాలి. మేకులు అర్ధవృత్తంలోనే ఎందుకున్నవి? కేంద్రం నుండి వృత్తపరిధికి గల దూరం అన్నివైపులా ఒకటే కాబట్టి, ఏ మేకుకు చుట్టినా పోగు పొడవు సమానంగా ఉంటుంది. బడిలో వ్యాసార్ధమని చదివే పాఠాన్నే నేతకారుల ఇండ్లలో తరతరాలుగా చేతితో ఆచరిస్తున్నారు.

ఒక చీరకు చేయి సుమారు 9,000 సార్లు ఇట్లా కదలాలి. దానికి నాలుగైదు గంటల కాలం పడుతుంది. అయిదు గంటలంటే 18,000 సెకనులు. అనగా రెండు సెకనులకు ఒక కదలిక చొప్పున ఆగకుండా సాగాలి. ఒక్కొక్క కదలికకు చేయి సుమారు ఒక మీటరు దూరం పోతుంది కనుక ఒక చీరకు తొమ్మిది కిలోమీటర్లు, రోజుకు రెండు చీరలైతే పద్ధెనిమిది కిలోమీటర్లు ఆ చేయి ప్రయాణం చేసినట్లు లెక్క. భుజం కీలు అరిగిపోవడంలో ఆశ్చర్యమేమున్నది?

ఈ బాధను తెరమీదికి తేవడంలో చిత్రం పూర్తిగా విజయం పొందింది. తల్లి పాత్రలో ఝాన్సీ నటన ఏ ఉపన్యాసమూ చెప్పలేనంత చెబుతుంది. మల్లేశం పాత్రధారి ప్రియదర్శి, భార్య పాత్రధారిణి అనన్య నాగళ్ళ ఎక్కడా అతి చేయలేదు. ఊరివారి పరిహాసం, అప్పుల బాధ, భార్య ఇచ్చిన ధైర్యం సహజంగా కనిపిస్తవి. మాటలలో ఆ ప్రాంతపు నుడికారం నిలిచింది. యంత్రం ఎవరికోసం పుట్టిందో మరువనీయకపోవడం ఈ చిత్రం చేసిన గొప్ప మేలు.

అయితే యంత్రం ఎట్లా పుట్టిందన్న ప్రశ్నకు ఇంత తృప్తికరమైన జవాబు దొరకదు. కన్నీటికి దొరికిన తీరిక పనిశాలకు దొరకలేదు. ఆసుపోయడాన్ని యంత్రానికి అప్పగించాలంటే దానిని కనీసం మూడు కదలికలుగా విడదీయాలి. పోగును ఇటునుండి అటు తీసుకుపోవడం ఒకటి. మేకు చుట్టూ తిప్పడం రెండవది. ఒక మేకు మీద నిర్ణయించిన చుట్లు పూర్తి కాగానే తరువాతి మేకుకు జరగడం మూడవది. మనిషి చేయి ఈ మూడింటినీ ఒకే కదలికగా చేస్తుంది. యంత్రానికి మాత్రం దేనికది వేరుగా నేర్పి, మళ్ళీ మూడింటినీ పొందుపరచాలి. ఈ విభజన ప్రేక్షకుని మనస్సులో స్థిరపడేటట్లు చూపి ఉంటే, ఒక్కొక్క ఓటమికీ కారణం తెలిసేది. ఇప్పుడు ఓటమి తెలుస్తుంది కాని, ఏ భాగం ఎందుకు ఓడిందో సామాన్య విద్యార్థికి విశదం కాదు.

మల్లేశం జీవితంలో ఒక ప్రసిద్ధ సంఘటన ఉన్నది. హైదరాబాదులోని బాలానగరులో పనికి వెళ్ళినప్పుడు అక్కడ ఒక యంత్రపు కదలికను చూచి, తన యంత్రంలో మిగిలిన చిక్కుకు ఆయన పరిష్కారం గ్రహించారు. ఇటువంటి క్షణాలు కథకు రక్తి కట్టిస్తవి. కాని ఆ యంత్రాన్ని అంతకుముందు ఎందరో చూచి ఉంటారు. వారికి తోచనిది ఆయనకు తోచడానికి కారణం, ఏడేండ్లుగా ఆ చిక్కును చేతులతో తడిమి ఉండడమే. మెరుపు ఆకాశంలో ఊరక పుట్టదు. మేఘం ముందుగా కూడుకోవాలి. ఆ మేఘం కూడుకున్న చోటే పనిశాల.

అమెరికాలో రైటు సోదరుల చరిత్ర కూడా ఇదే చెబుతుంది. 1903లో వారి విమానం ఎగిరిన దృశ్యం అందరికీ తెలుసు. డేటన్ పట్టణంలోని తమ సైకిళ్ళ దుకాణంలో 1901లో వారు ఒక చెక్కపెట్టెలో గాలిని పారించి, సుమారు రెండువందల రకాల చిన్నరెక్కలను పరీక్షించిన సంగతి కొందరికే తెలుసు. ఎగిరింది ఆ పెట్టెలో తేలిన లెక్కల బలం మీదనే.

కథాచిత్రం యంత్రశాస్త్ర గ్రంథం కాదని, రెండు గంటలలో అన్నీ ఇమడవని ఎవరైనా అనవచ్చును. అది న్యాయమే. కాని చిత్రం వదలిన లోటును ఉపాధ్యాయుడు పూరించవచ్చును. లేకపోతే పట్టుదల ఉంటే చాలు, యంత్రం దానంతట అదే తయారవుతుందన్న భ్రమ పిల్లలలో మిగులుతుంది. ఆ భ్రమతో పనికి దిగిన కుర్రవాడు మొదటి ఓటమితోనే తాను అసమర్థుడనుకొని వదిలివేస్తాడు. నష్టం అక్కడున్నది.

వరంగల్లు ప్రాంతపు ఉపాధ్యాయులకు ఈ పని సులభం. 2018లో భౌగోళిక గుర్తింపు పొందిన వరంగల్లు జంపఖానాలకు పేరుపొందిన కొత్తవాడ నగరంలోనే ఉన్నది. మగ్గం చప్పుడు విని పెరిగిన పిల్లలు తరగతిలోనే ఉండవచ్చును. ఒక పలక మీద అర్ధవృత్తం గీసి, మేకులు కొట్టి, దారమిచ్చి నూరు చుట్లు తిప్పమనాలి. పట్టిన కాలాన్ని వ్రాసి, దానిని తొంభైతో గుణించమనాలి. భుజం నొప్పి అప్పుడు అంకెగా కూడా అర్థమవుతుంది. యంత్రం మీద అదే చీర సుమారు గంటన్నరలో పూర్తవుతుందని అప్పుడు చెబితే, ఆ మాటకు బరువు వస్తుంది.

ఇంటి పనిశాలకు పెద్ద గది అక్కరలేదు. వసారాలో ఒక మూల చాలు. వెలుతురు బాగా పడాలి. వానజల్లు పడరాదు, ఏలనంటే తేమకు కొయ్య ఉబ్బుతుంది, ఇనుము తుప్పు పడుతుంది. నిలబడి చేతులు వేలాడవేసినప్పుడు మణికట్టు ఎంత ఎత్తున ఉంటుందో, సుమారు అంత ఎత్తున కదలని బల్ల ఒకటి కావాలి. రంపం, సుత్తి, ఉలి, వస్తువును బిగించి పట్టే వైసు, కొలతబద్ద ఉంటే పని మొదలుపెట్టవచ్చును. విద్యుత్తు వాడేచోట ఎర్తుతీగ తప్పనిసరి. అన్నిటికంటె ముఖ్యమైన పనిముట్టు ఒక నోటుపుస్తకం. ఈనాడు ఏది చేసినదీ, ఏది విరిగినదీ, ఎందుకు విరిగినదీ అందులో వ్రాయాలి.

‘మల్లేశం’ చూడదగిన చిత్రం. పిల్లలకు తప్పక చూపదగినది. అది మనస్సును కదిలిస్తుంది. కదిలిన మనస్సుకు ఒక బల్ల, ఒక రంపం, కొంత ఓర్పు చేకూర్చే పని మాత్రం బడిది, ఇంటిది.