లేసు సూది, బెల్లం పాకం

విశాఖపట్నంలో స్వెట్టరుతో పని పడేది ఏడాదిలో నాలుగు రోజులు, అదీ అరకో లంబసింగో వెళ్తేనే. అయినా ఈ ఊళ్లో అల్లికలకు లోటు లేదు. టీవీ మీద తెల్లటి లేసు గుడ్డ, ఫ్రిజ్ మీద ఇంకోటి, సోఫా వీపులకి తలా ఒకటి, ఢిల్లీలో పుట్టిన మనవడికి ఊలు టోపీ. ఇక్కడి చెమటకి ఊలు పట్టుకోవడమే చిరాకు కాబట్టి ఎక్కువమంది చేతుల్లో కనిపించేది నూలు దారం, కొక్కెం ఉన్న లేసు సూది.

ఈ విద్య చాలా ఇళ్లకి గోదావరి జిల్లాల నుంచి పెట్టెల్లో వచ్చింది. 1933లో పోర్టు తెరిచారు, 1941లో షిప్‌యార్డు మొదలైంది, 1971లో ఉక్కు కర్మాగారానికి శంకుస్థాపన జరిగి 1992లో జాతికి అంకితమైంది. ప్రతి దఫా ఉద్యోగాల కోసం కుటుంబాలు కదిలివచ్చాయి. మగవాళ్లు ఆర్డరు కాగితాలు తెచ్చుకుంటే ఆడవాళ్లు లేసు సూదులు, అరిసెల చెక్కలు తెచ్చుకున్నారు. ఉక్కునగరం క్వార్టర్లలో ఇంటాయన బీ షిఫ్టు ముగించి వచ్చేసరికి రాత్రి పదిన్నర దాటుతుంది. అన్నం వండి మూతపెట్టిన తర్వాత మిగిలే ఆ సమయంలో ఎన్ని టేబుల్ క్లాత్‌లు తయారయ్యాయో ఎవరూ లెక్కపెట్టలేదు.

రెండు సూదులతో ఊలు అల్లేటప్పుడు ఆ వరస కుట్లన్నీ సూది మీదే తెరుచుకుని ఉంటాయి. ఒకటి జారిందంటే కింది వరసల దాకా ఊడుతుంది. లేసులో అలా కాదు. సూది మీద ఎప్పుడూ ఒక్క కన్నే తెరిచి ఉంటుంది, మిగతావి ఎప్పటికప్పుడు మూసుకుపోతాయి. పొయ్యి మీద పాలు పొంగితే ఆ ఒక్క కన్నునీ కాస్త సాగదీసి, పక్కన పడేసి లేచి వెళ్లొచ్చు. వంటింటితో లేసుకి పొత్తు కుదిరింది అందుకేనని నా నమ్మకం.

మొదలు గొలుసు. కావలసినన్ని కళ్లు వేసి రెండు చివర్లూ కలిపితే వలయం అవుతుంది. అందులోకి పొట్టి కుట్లు, దారం ఒకసారి చుట్టి వేసే పొడుగు కుట్లు, రెండుసార్లు చుట్టి వేసే మరింత పొడుగు కుట్లు. ఈ మూడు ఎత్తులతోనే పువ్వులు, ఆకులు, ద్రాక్షగుత్తులు వస్తాయి. వరసకి ఎన్ని కుట్లు పెంచుతున్నామన్నది అసలు లెక్క. తక్కువ పెంచితే గుడ్డ లోపలికి ముడుచుకుంటుంది, టోపీలు అల్లేది ఆ గుణంతోనే. ఎక్కువ పెంచితే అంచు కుచ్చిళ్లు పోతుంది. సరిగ్గా పెంచితే బల్లకి అతుక్కున్నట్టు పరుచుకుంటుంది.

లెక్క పుస్తకంలో దొరుకుతుంది, బిగువు దొరకదు. క్వార్టర్ల మెట్ల మీద ఒక మామ్మగారు పదో తరగతి పిల్లకి నేర్పుతుంటే విన్నాను.

"మామ్మగారూ, పొద్దున్న అల్లిన పువ్వు పెద్దగా వచ్చింది, ఇప్పటిది చిన్నగా వచ్చిందేంటండీ? కుట్లు అన్నే వేశాను."

"పొద్దున్న చల్లగా ఉందే. ఇప్పుడు చేతికి చెమట పట్టి దారం ఆగుతోంది, నువ్వు లాగుతున్నావు. చెయ్యి కడుక్కుని తుడుచుకునిరా. వేలు బిగించకమ్మా, దారం దాని దారిన అదే వస్తది."

ఎడమచేతి చిటికెనవేలికి ఒక చుట్టు, చూపుడువేలి మీదుగా సూదికి: దారం బిగువంతా ఆ రెండు వేళ్ల మధ్యే. సముద్రపు గాలి చేతినే కాదు, సూదినీ వదలదు. ఉక్కు కాచే ఊళ్లో తుప్పుకి భయపడటం తమాషాగానే ఉంటుంది గానీ, పూత పోయిన సూది తెల్లదారం మీద పెట్టే మరక మాత్రం ఓ పట్టాన పోదు.

అల్లడం అయ్యాక గంజి పెట్టాలి. పలచటి గంజిలో ముంచి, పిండి, దుప్పటి పరిచిన చెక్క మీద పువ్వు పువ్వునీ సాగదీసి గుండుసూదులు గుచ్చి నీడన ఆరబెడతారు. గంజి చిక్కనైతే కళ్లు పూడుకుపోతాయి, అందం పోతుంది. అన్నం వార్చిన గంజి లేసుకి, కొత్తబియ్యం అరిసెలకి. సంక్రాంతి ముందు ఈ రెండు పనులూ ఒకే వంటింట్లో జరుగుతాయి.

అరిసె కూడా చేతివాటం మీద నడిచేదే. బియ్యం ఒక రోజు నానబెట్టి, నీళ్లు మార్చి, వడేసి, తడి ఆరకముందే దంచాలి. పిండిని పిడికిట్లో నొక్కితే ముద్ద నిలవాలి. బెల్లం ఇక్కడివాళ్లకి పక్కనే ఉంది. అనకాపల్లిది దేశంలోని పెద్ద బెల్లం మార్కెట్లలో ఒకటి. పాకం మరుగుతుంటే పళ్లెంలో నీళ్లు పోసి ఒక చుక్క వేసి చూస్తారు. కరిగిపోతే ఇంకా రాలేదు. వేళ్లతో కూడదీస్తే మెత్తటి ఉండగా వస్తే అదే అదను. పళ్లానికేసి కొడితే టంగుమందంటే ముదిరిపోయింది, అరిసె గట్టిపడుతుంది. లేతపాకమైతే నూనెలో విచ్చుకుపోతుంది. దించి పిండి పోస్తూ ఆపకుండా కలపాలి, ఆ తిప్పడానికి ఇద్దరుండాలి. నువ్వులద్ది, తట్టి, వేయించి, రెండు చెక్కల మధ్య నూనె నొక్కేస్తారు. జంతికలూ చేగోడీలూ ఇంత ఇబ్బంది పెట్టవు. బీచి గాలికి మెత్తబడకుండా డబ్బా మూత బిగిస్తే చాలు.

ఇక డబ్బు సంగతి. 1840ల కరవులో ఐర్లండు కన్యాశ్రమాలు పేద ఇళ్లకి కూడు దొరకాలని లేసు నేర్పాయి. నరసాపురం పరిసరాలకీ 19వ శతాబ్దంలో మిషనరీల ద్వారానే ఇది చేరింది. ఏజెంటు దారం తెచ్చిస్తాడు. ఒకరు పువ్వులల్లితే ఇంకొకరు వాటిని కలిపే అతుకుపని చేస్తారు. సరుకు విదేశాలకి పోతుంది. జర్మన్ సామాజికవేత్త మరియా మీస్ ఆ ఊళ్లలో తిరిగి 1982లో పుస్తకం రాసింది. ఎగుమతికి పనిచేస్తున్న కార్మికుల్ని 'తీరిక వేళ అల్లుకునే గృహిణులు' అని పిలవడం వల్లే కూలి అంత తక్కువగా ఉండిపోయిందన్నది ఆమె వాదన. నరసాపురం లేసుకి 2024లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. యంత్రం లేసుతో పోటీలో పేరు కాస్త సాయపడుతుంది గానీ, తీరిక అనే మాట పోతే తప్ప కూలి పెరగదు.

విశాఖలో ఆ మాట ఇంకా పోలేదు. సంక్రాంతికి ఆర్డర్లు తీసుకునేవాళ్లు అరిసెల కిలో ధర తడుముకోకుండా చెబుతారు. అమెరికా పార్శిల్ అయితే ప్యాకింగ్‌కి వేరే లెక్క కూడా చెబుతారు. అదే చేతులు అల్లిన టేబుల్ క్లాత్ ఎంతని అడిగితే "మీ ఇష్టమండీ, ఖాళీగా ఉన్నప్పుడు చేసిందే కదా" అంటారు. ఫోన్లో వీడియోలు చూసి బొమ్మలు, తాళంచెవి గొలుసులు అల్లే కాలేజీ పిల్లలకి ఈ మొహమాటం లేదు. దారం ఖర్చు, పట్టిన గంటలు నోట్‌బుక్‌లో రాసుకుని రేటు చెబుతున్నారు. వాళ్లని చూసి ఇద్దరు ముగ్గురు అమ్మలు కూడా గంటలు రాయడం మొదలుపెట్టారు. బేరమాడేవాళ్లకి ఆ నోట్‌బుక్కే చూపిస్తున్నారు.